పెళ్లి ప్యాంటు మసిగుడ్డ

నేను చెప్పేదాంట్లో సగం నమ్మితే చాలంటుంది మా వదిన. ఈ ఒక్క కథకు మాత్రం ముప్పాతిక నమ్మండి. మిగతా పాతిక నా వాటా. టైర్లకు పంక్చర్లు వేసుకుని బతికేవాణ్ణి, కాస్త గాలి కొట్టకపోతే నాకు పొద్దుపోదు.

ముందు ఆ మసిగుడ్డ పుట్టుక చెప్పాలి. అది పుట్టుకతో మసిగుడ్డ కాదు, మా అన్నయ్య పెళ్లి ప్యాంటు. బూడిద రంగు, దుప్పటంత మందం. పెళ్లయిన ఏడాదికే వదిన వంట తిని అన్నయ్య ఎంత ఒళ్లు చేశాడంటే, ఒకరోజు బలవంతాన గుండీ పెట్టబోతే అది ఊడి ఎగిరి, వీధి దాటి, ఎదురింటివాళ్ల గడియారానికి తగిలింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా పదకొండే.

ఇంక ఆ ప్యాంటు తొడుక్కునే యోగం అన్నయ్యకు లేదని తేలిపోయింది. వదిన దాని నడుం కోసేసి, రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి, లోపల పాత దుప్పటి ముక్కలు కూరి, గోనెసంచులు కుట్టే దారంతో కుట్టేసింది. అప్పటినుంచి పొయ్యి మీదనుంచి ఏది దించాలన్నా అదే. అన్నం కుండ దించాలన్నా, గంజి వార్చేటప్పుడు మూత జారకుండా అదిమి పట్టాలన్నా, కాలే పెనం పక్కకు లాగాలన్నా అదే. మసి పట్టీ పట్టీ, గంజి తాగీ తాగీ చివరికి అది ఎలా తయారయిందంటే, నేల మీద పెడితే తనంతట తనే నిలబడేది. ఒకసారి దాని మీద వాలిన దోమ ముక్కు వంకర పోయింది. దాన్ని ఉతకాలని అన్నయ్య ఒకసారి సబ్బు కొన్నాడు. సబ్బే నల్లబడింది.

"ఆ దరిద్రాన్ని పారెయ్యవే, కొత్తది కొనిస్తాను," అనేవాడు అన్నయ్య.

"కొత్తదానికి వేడి ఓర్చుకోవడం ఏం తెలుసు? చేతులు కాలాక నేర్చుకుంటుందా?" అనేది వదిన.

ఇక మా వదిన సంగతి. మా మందిరంలో ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ భోజనం పెడతారు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లు, ఒంటరివాళ్లు, పని దొరకనివాళ్లు, ఎవరైనా రావచ్చు. మందిరం వెనక రేకుల పాకలో కట్టెల పొయ్యి. అక్కడ వండేది మా వదిన. ముందు హాల్లో వడ్డించేది వేరేవాళ్లు. వడ్డనకు పెద్ద దిక్కు ఒక బట్టల కొట్టు యజమానురాలు. ఆవిడ దగ్గర ఒక వెండి పళ్లెం ఉంది, దాన్ని పట్టుకోకుండా వడ్డనకు దిగదు. అందుకే అందరికీ వెండిపళ్లెం అక్క అయిపోయింది. చెడ్డ మనిషేం కాదు. ఎవరికైనా జ్వరమొస్తే పళ్లరసం పట్టుకుని పరిగెత్తుతుంది. కాకపోతే ఆవిడ పెట్టిన వరసలో చెంచా కూడా పక్కకు తిరగకూడదు.

వదినకు ఒక్కటే కోరిక. వడ్డనలో నిలబడాలి. ఒకరోజు నా కొట్టుకు సైకిలు ట్యూబు పట్టుకొచ్చి, నేను ప్యాచీ అతికిస్తుంటే చెప్పింది.

"ఇన్నేళ్లుగా వండుతున్నాను అబ్బాయ్. నా అన్నం నమిలే నోరు ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. గిన్నెలు నిండుగా ముందుకెళ్తాయి, ఖాళీగా వెనక్కొస్తాయి. తిన్నారో, పిల్లులకు పెట్టారో నాకెవరు చెప్తారు?"

"పిల్లులైతే నీ ఇంటిముందు క్యూ కట్టేవి వదినా."

"నవ్వులాట కాదు. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో మీ అన్నయ్య జ్వరంతో పడున్నాడు, నువ్వింకా మా దగ్గరికి రాలేదు. ఆకలికి తట్టుకోలేక ఈ మందిరంలో కూర్చున్నాను. ఒక ముసలావిడ పళ్లెం తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టి వెళ్లిపోలేదు. నేను తినేదాకా ఎదురుగా నిలబడి, నేను నములుతుంటే చూసింది. చూసి నవ్వింది. అన్నంతో సగం నిండింది నా కడుపు, ఆ చూపుతో సగం. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ చోట ఒక్క ఏడాది నేను నిలబడాలి. అంతే."

నేను ట్యూబు నీళ్లలో ముంచాను. బుడగలు రాలేదు గానీ నా కళ్లలోకి నీళ్లొచ్చాయి. పంక్చరు అక్కడ పడినట్టుంది.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఏటా వార్షికోత్సవం రోజున, ఆ ఏడాది వడ్డనకు నిలబడాలనుకునేవాళ్లు తమ ఇంట్లో వాడుకునే వస్తువొకటి తెచ్చి ముందున్న బల్ల మీద పెట్టాలి. ఆ వస్తువులాగా తామెలా సేవ చేస్తారో ఒక్క మాటలో చెప్పాలి. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. మాట చెప్పలేక దిగిపోయినవాళ్లకు ఆ ఏడాది వడ్డన లేదు. వదిన ప్రతి ఏడూ ఆ పూట పాకలో పొయ్యి ముందే ఉండిపోయేది. "నువ్వు పొయ్యి వదిలితే మేమంతా పస్తే కదా చెల్లీ," అనేది వెండిపళ్లెం అక్క. మెచ్చుకోలో, ముక్కుతాడో తెలిసేది కాదు.

ఈసారి వదిన పట్టు పట్టింది. వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి గరిటె బయటికి తీసింది. చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, మళ్లీ చింతపండుతో తోమింది. దాని మెరుపుకు కాకులు తెల్లారిందనుకుని మధ్యాహ్నం పూట లేచి అరిచాయి. ఇక మాట. "గరిటె తను తినదు, అందరికీ పెడుతుంది. నేనూ అలాగే ఉంటాను." దీన్ని కుండకు చెప్పింది, కుక్కకు చెప్పింది, అన్నయ్య గురకకు చెప్పింది. మా వీధిలో చిలకున్న ఇంట్లో చిలక కూడా నేర్చేసుకుంది.

వార్షికోత్సవం రానే వచ్చింది. పక్క సంఘాల వాళ్లు కూడా వస్తున్నారని ఈసారి పెద్ద గుండిగ అద్దెకు తెచ్చారు. ఎంత పెద్దదంటే, దాంట్లోకి వంగి "ఓయ్" అంటే భోజనాలయ్యాక "ఏంటి" అని వినిపిస్తుంది. దాని నిండా బియ్యం, నీళ్లు పోసి పొయ్యి మీదకు ఎక్కించాం. "ఎక్కించాం సరే, ఉడికాక దించేదెలా?" అన్నాను. "దించేటప్పుడు చూసుకుందాంలేరా," అన్నాడు అన్నయ్య. మా ఇంట్లో పెళ్లిళ్లు కూడా ఇలాగే జరిగాయి.

అన్నం సగం ఉడుకు పట్టింది. మందిరం తెడ్డు పిడి వదులై తిరుగుతోంది, కలియబెట్టడానికి రావడం లేదు. ఒక్కసారికే కదా అని వదిన సంచిలోంచి తన గరిటె తీసి కలిపింది. కలుపుతుండగానే గంట కొట్టారు. వడ్డనకు నిలబడేవాళ్లు ముందుకు రావాలని పిలుపు. వదిన గాభరాపడింది. పొయ్యి మండుతుండగా చేతిలో ఉన్నది సంచిలో కుక్కుకుని పరిగెత్తింది. ఆ చేతిలో గరిటె ఉందా, ఇంకేమైనా ఉందా అని చూసుకోలేదు. ఇన్నేళ్లుగా పొయ్యి దగ్గర ఆ చేతిలో ఏముంటుందో మీకు తెలుసుగా.

పాక గుమ్మంలో మా సంఘంలోని వడ్రంగి తాతను కూర్చోబెట్టి చెప్పింది: "తాతా, మెతుకు పట్టి చూస్తుండు. ఉడికితే కేకెయ్. ఆలస్యమైతే ఆ అన్నంతో గోడలకు కాగితాలు అంటించుకోవడమే."

"నాకు పళ్లు లేవమ్మాయ్. నాకైతే ఆ అన్నమే నయం," అన్నాడు తాత.

హాలు కిక్కిరిసి ఉంది. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచారు. ముందుగా వెండిపళ్లెం అక్క వచ్చి పళ్లెం పెట్టింది. "పళ్లెంలా మచ్చ లేకుండా సేవ చేస్తాను," అంది. చప్పట్లు. తర్వాత ఒకావిడ గాజు జగ్గు పెట్టింది, ఇంకొకావిడ పూల గిన్నె పెట్టింది. తర్వాత మా వదిన.

వదిన తల ఎత్తి నడిచింది. సంచిలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఆగిపోవడం నేను నా కుర్చీలోంచి చూశాను. పట్టుకుంటే తెలిసిపోతుంది కదా. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. మెల్లగా బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

మసిగుడ్డ. తెల్లగుడ్డ మీద, వెండి పళ్లెం పక్కన, తనంతట తనే నిలబడింది.

మొదట ఎవరికీ అదేంటో అర్థం కాలేదు. ముందు వరసలో ఒకాయన దాన్ని చచ్చిన జంతువనుకుని కాళ్లు పైకెత్తాడు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, నవ్వు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకిపోయింది. మా అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. "అది నా పెళ్లి ప్యాంటు," అన్నాడు పక్కవాళ్లతో. దాంతో ఆ వరస కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్వింది.

"చెప్పమ్మా, నీ మాట చెప్పు," అన్నారు పాస్టరుగారు. ఆయన కూడా పెదాలు బిగబట్టుకునే ఉన్నారు.

వదిన నోరు తెరిచింది. గరిటె మాట గరిటెకే కదా సరిపోయేది. దాన్ని ఈ గుడ్డకు ఎలా తొడుగుతుంది? నోరు మూసేసుకుంది.

వెండిపళ్లెం అక్క దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పర్లేదు చెల్లీ. వచ్చే ఏడాది చూద్దాంలే. నువ్వు వెనక ఉంటేనే మాకు ధైర్యం."

వదిన తల ఊపింది. బల్ల మీది మసిగుడ్డ తీసుకోబోయింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి తాత కేక వినిపించింది. పళ్లు లేని నోరైనా ఆ కేకకు మందిరం రేకులు అదిరాయి.

"ఉడికింది. పొంగుతోంది. ఎవరైనా రండర్రా."

నేను, అన్నయ్య, ఇంకో నలుగురం పాకలోకి దూకాం. మంట గుండిగ చెంపల దాకా లేచింది. కట్టెలు బయటికి లాగాం గానీ, లోపల నీళ్లు కుతకుతలాడుతూనే ఉన్నాయి. వార్చాల్సిందే. నేను జేబురుమాలు మడిచి చెవి పట్టుకున్నాను. గుండిగ చెవిని. నా చెయ్యి ఎంత మొద్దంటే కాలే సైలెన్సర్ కూడా పట్టుకుంటాను. అయినా అమ్మో అని వదిలేశాను. అన్నయ్య చొక్కా విప్పి పట్టుకుంటే చొక్కా పొగ వదిలింది. వెండిపళ్లెం అక్క కూడా పరిగెత్తుకొచ్చి, బల్ల మీది తెల్లగుడ్డే లాక్కొచ్చి పట్టుకోబోయింది. పలచటి గుడ్డ. వెంటనే చేతులు వెనక్కి తీసుకుని చెవులు పట్టుకుంది. తన చెవులు.

అప్పుడొచ్చింది మా వదిన. చేతిలో మసిగుడ్డ. గుండిగను ఒక చూపు చూసింది. చెవులు రెండూ ఎడంగా ఉన్నాయి. మామూలు కుండనైతే ఆ గుడ్డ అటు కొస, ఇటు కొస పట్టుకుని ఒక్కతే దించేస్తుంది. ఇది ఒక్కరికి అందే గుండిగ కాదు. ఇద్దరు కావాలి. గుడ్డ చూస్తే ఒక్కటే.

వదిన గుడ్డ మధ్య కుట్టును పళ్ల మధ్య పెట్టుకుంది. గోనెదారం పటపటా తెగింది. ఇన్నేళ్ల తర్వాత అన్నయ్య పెళ్లి ప్యాంటు మళ్లీ రెండు కాళ్లయింది. కుడికాలు తన చేతిలో ఉంచుకుని ఎడమకాలు పక్కకు చాపింది.

"అక్కా, పట్టు."

"నేనా?" అంది వెండిపళ్లెం అక్క.

"నీ వెనక గోడ తప్ప ఎవరున్నారు?"

అక్క ఆ నల్లటి ముక్క వైపు చూసింది, తన బట్టల వైపు చూసింది, గుండిగలో పొంగుతున్న అన్నం వైపు చూసింది. బయట హాల్లో జనం చప్పుడు వినిపిస్తోంది. చెయ్యి చాచి తీసుకుంది.

"రెండు మడతలెయ్. చెవి కిందనుంచి పట్టు. నేను 'ఊఁ' అన్నప్పుడు ఎత్తు, అనకముందు ఎత్తకు. మొహం పక్కకు తిప్పుకో, ఆవిరి కొడుతుంది. నువ్వు మూత అదుము అబ్బాయ్, కట్టెతో. ఊఁ."

లేచింది. గుండిగ లేచింది. అది లేస్తే పొయ్యి రాళ్లు కూడా దానితోపాటు కాస్త లేచి చూశాయని నేను ఒట్టేసి చెప్తాను. గంజి ధారగా కాలవలో పడుతుంటే పాకంతా తెల్లటి మబ్బయిపోయింది. ఒకరి మొహం ఒకరికి కనబడలేదు. మబ్బులోంచి వదిన గొంతు మాత్రం వినిపించింది: "వంచు. ఇంకొంచెం. నీ వైపు తగ్గించు. ఆఁ, చాలు. దించు."

మబ్బు విడిపోయింది. గుండిగ నేల మీద ఉంది, మూత వదిన చేతిలో ఉంది. మెతుకు మెతుకూ విడివిడిగా, మల్లెమొగ్గల్లా. మధ్యలో మా వదిన గరిటె, అన్నంలో నిలబడి ఇంకా మెరుస్తోంది.

వెండిపళ్లెం అక్క మొహం మీద ఇంత మసి. జుట్టు ఆవిరికి అంటుకుపోయింది. చేతులు తిప్పి చూసుకుంది. అటు చూసుకుంది, ఇటు చూసుకుంది.

"చిత్రంగా ఉందే. నాకు వేడే తెలియలేదు."

"దానికి తెలిసింది అక్కా," అంది వదిన.

వదిన ఆ మాట గొప్పగా ఏం అనలేదు. గుండిగ మూత కింద పెడుతూ, ఊరికే అంది. కానీ గుమ్మంలో నిలబడిన పాస్టరుగారు విన్నారు. ఆయన వెనకాల హాలంతా వచ్చి నిలబడి ఉంది. కిటికీల్లోంచి తలలు, తలల మీద తలలు.

"మళ్లీ చెప్పమ్మా," అన్నారు పాస్టరుగారు.

"ఏంటండీ?"

"ఇప్పుడు అన్నావే, ఆ మాట."

వదిన సిగ్గుపడింది. "ఏముందండీ అందులో. అక్కకు వేడి తెలియలేదంది. గుడ్డకు తెలిసింది అన్నాను. వేడి ఎటూ పోదు కదండీ, ఎవరో ఒకరు పుచ్చుకోవాలి."

పాస్టరుగారు లోపలికొచ్చి, అక్క చేతిలోని ముక్క అడిగి తీసుకున్నారు. తెల్లటి అంగీ వేసుకున్న మనిషి, దాన్ని అలాగే రెండు చేతుల్లో పట్టుకున్నారు.

"నేను ఎప్పుడూ శిష్యుల పాదాల గురించే ప్రసంగం చేశాను," అన్నారు. "ప్రభువు భోజనం దగ్గరనుంచి లేచి, నడుముకు తువాలు కట్టుకుని, వాళ్ల కాళ్లు కడిగి తుడిచాడు. కాళ్లు శుభ్రమయ్యాయి, బాగుంది. తువాలు ఏమైందని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ దారుల మురికంతా దానికి అంటింది. ఆయన దాన్ని దాచుకోలేదు, నడుముకే ఉంచుకున్నాడు. మరునాడు సిలువ దగ్గర కూడా అంతే. మనకు వేడి తెలియలేదు." ఆ ముక్క వైపు ఒకసారి చూశారు. "ఆయనకు తెలిసింది."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. అంతసేపూ గుమ్మంలో కూర్చున్న వడ్రంగి తాత టోపీ తీసేశాడు. నాకు అక్షరం ముక్క రాదు, ఆరాధనలో సగం ప్రసంగం నేను కళ్లు మూసుకునే వింటాను. ఆ రోజు రెప్ప వెయ్యలేదు.

"నీ వస్తువు బల్ల మీద పెట్టావు. నీ మాట ఇక్కడ చెప్పావు," అన్నారు పాస్టరుగారు వదినతో. "ఇంకేం మిగిలింది? ప్రార్థన ఒక్కటే."

అలా ఆ ఏడాది ప్రతిష్ఠ ప్రార్థన పొయ్యి ముందు జరిగింది. పట్టినవాళ్లు పాకలో, పట్టనివాళ్లు పెరట్లో, కొందరు గోడెక్కి. ఆమెన్ అని అందరూ అనేసరికి ఆ రేకులు ఎగిరిపోయి మూడు వీధుల అవతల పడ్డాయని చెప్తే మీరు నమ్మరు. నమ్మొద్దు. లేచి మళ్లీ కూర్చున్నాయి, అంతే.

ప్రార్థన అవగానే వెండిపళ్లెం అక్క తన పైగుడ్డ విప్పింది. తెల్లటిది, వడ్డనకు వేసుకునేది. వదిన మెడలో వేసి వెనక ముడి వేసింది.

"నువ్వు ముందుకెళ్లు చెల్లీ."

"మరి నువ్వు?"

"కూర ఇంకా దించలేదుగా. నా ముక్క నా దగ్గరుంది." పాస్టరుగారి చేతిలోంచి ఎడమకాలు లాక్కుని నడుముకు దోపుకుంది. "నన్ను చూస్తావేంటి? వడ్డన వరస వంకర పోనిచ్చావో, నీతో మాటల్లేవు."

ఆ ముక్క ఆవిడ ఇప్పటికీ తిరిగివ్వలేదు. వదిన అడిగితే, ఉతికి ఇస్తానంటుంది. ఉతికితే ఏమవుతుందో మాకు తెలుసు కాబట్టి మేం గట్టిగా అడగడం లేదు. మరుసటి ఏడు వార్షికోత్సవానికి వెండి పళ్లెం ఇంట్లోనే ఉండిపోయింది. అక్క బల్ల మీద ఏం పెట్టిందో మీరే ఊహించుకోండి. అది కూడా తనంతట తనే నిలబడింది. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. ఒక్క అన్నయ్య తప్ప.

ఇక ఆ రోజు సంగతి. వదిన ముందుకెళ్లింది. చేతిలో ఇత్తడి గరిటె, మొహం మీద మసి అలాగే ఉంది, తుడుచుకోవడానికి ఎవరు తీరికిచ్చారు? మొదటి పళ్లెం ఊరికి కొత్తగా వచ్చిన ఒక మనిషిది. పెట్టింది. ఆయన పక్కకు జరిగి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వదిన గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆయన దవడ కదలడం చూసింది. మింగడం చూసింది. ఆయన తల ఎత్తి చూసి నవ్వితే, తనూ నవ్వింది. వెనక వరస "ఏమైందక్కా, ఆగిపోయావు" అని గొడవ పెట్టేదాకా ఆగే ఉంది.

తర్వాత ఎవరూ తన దగ్గర పెట్టించుకుని బెంచీల వైపు వెళ్లలేదు. ఎవరు చెప్పారో ఏమో, అందరూ వదిన చుట్టూ నిలబడే తిన్నారు. దవడలన్నీ ఒకేసారి కదులుతుంటే హాలు పెద్ద తిరగలిలా వినిపించింది. గుండిగ ఖాళీ అయిందనుకున్నాం. కాలేదు. అన్నయ్య వంతు వచ్చేసరికి అడుగున ఇంకా ఉంది.

అన్నయ్య చొక్కా కాలిపోయి బనీనుతో ఉన్నాడు. ఎవరో పరాయివాడిలా వంగి, రెండు చేతులతో పళ్లెం చాపాడు.

"తల్లీ, కాస్త పెడతారా?"

"ఎన్నోసారి?"

"లెక్కలు చూసుకుంటూ వడ్డిస్తారా ఎక్కడైనా?"

వదిన గరిటె నిండా తీసి పెట్టింది. ఇంకో గరిటె వేసింది. అన్నయ్య పళ్లెం తీసుకుని బెంచీ వైపు తిరగబోయాడు.

"ఏయ్, అటెక్కడికి?" అంది వదిన. "ఇక్కడే నిలబడి నములు. ఇన్నేళ్ల నుంచి వండుతున్నాను, నేను చూడాలి."